కొరికితే ఏం దొరుకుతోంది? – బిహేవియర్ థెరపీపై పాఠకుల ప్రశ్నలు

ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేస్తున్నవారి నుంచి, ఆ పనిలోకి రావాలనుకుంటున్నవారి నుంచి, కొందరు తల్లుల నుంచి ఈసారి ఉత్తరాలు వచ్చాయి. అన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే. ఒక బిహేవియర్ థెరపిస్టు (పిల్లల ప్రవర్తన వెనక కారణం కనిపెట్టి, దాని బదులు వేరే పద్ధతి నేర్పేవారు), ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచరు) కలిసి వీటికి జవాబులు రాశారు.

ప్రశ్న: విజయనగరంలో ఒక థెరపీ సెంటర్‌లో చేరి నాలుగు నెలలైంది. ఐదేళ్ళ బాబు, మాటలు లేవు. బల్ల దగ్గర కూర్చోబెట్టిన కాసేపటికే నా చెయ్యి కొరుకుతాడు. 'నో' అని గట్టిగా చెప్పి, బ్లాకులు తీసేసి, మూలన కూర్చోబెడుతున్నాం. తగ్గకపోగా ఎక్కువైంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. బాబు కొరికాడు, బల్ల మీది పని పోయింది, మూలకెళ్ళి తీరిగ్గా కూర్చున్నాడు. మీరు శిక్ష అనుకుంటున్నది ఆ పిల్లాడికి సెలవు. మాటలు లేని పిల్లాడికి 'ఇక చాలు' అని చెప్పడానికి కొరకడం తప్ప ఇంకో దారి దొరకలేదు. ఆ దారి ప్రతిసారీ పనిచేస్తుంటే ఎందుకు వదులుతాడు?

అయినా ఊహ మీద ప్లాన్ వేయకండి. ముందుగా చెవిపోటు, పుచ్చిపన్ను, మలబద్ధకం లాంటివి ఉన్నాయేమో పిల్లల డాక్టరుకు చూపించమనండి. నొప్పితో కొరికే పిల్లాడికి ఏ ప్లానూ పనిచేయదు. ఆ తర్వాత వారం రోజులు నోటుబుక్కులో ఐదు గళ్ళు గీసి రాయండి: టైము, అంతకుముందు జరిగింది, బాబు చేసింది, వెంటనే జరిగింది, అప్పుడు దగ్గరున్నవారు. 'కోపం వచ్చి కొరికాడు' అని రాయకూడదు. కోపం కంటికి కనపడదు. '10.20. నాలుగు బ్లాకులు పేర్చమన్నాను. మూడోది పెట్టి నా కుడి ముంజేయి కొరికాడు. బ్లాకులు తీసేశాను' అని రాయాలి. అలాంటివి పదో పన్నెండో పోగయ్యాక నాలుగో గడి మాత్రమే వరసగా చదవండి. ప్రవర్తన వల్ల దొరికేవి మామూలుగా నాలుగే: ఎవరిదో ధ్యాస, కావలసిన వస్తువు, పని నుంచి తప్పించుకోవడం, ఒంటికి కలిగే హాయి. నాలుగో గడిలో ఎక్కువసార్లు 'పని ఆగింది' అనే ఉంటే, కారణం తప్పించుకోవడమని తేలినట్టే.

అదే వారంలో ఇంకో లెక్క కూడా తీయండి. కూర్చోబెట్టిన ఎన్ని నిమిషాలకు కొరుకుతున్నాడు? సగటున నాలుగు నిమిషాలైతే, మూడో నిమిషానికే విరామం మీరే ఇవ్వండి, కొరక్కముందే. ఇచ్చేటప్పుడు అది అడిగే పద్ధతి కూడా నేర్పండి. అరచేతిలో పట్టే 'ఆపు' కార్డు ఒకటి బాబు చేతికి అందేలా బల్ల మీద ఉంచండి. పెదవులు బిగించడం, కుర్చీలో వెనక్కి జరగడం లాంటి ముందు గుర్తులు చాలామంది పిల్లల్లో ఉంటాయి. అవి కనిపించగానే వెనకాల ఉన్న ఇంకొకరు బాబు చెయ్యి పట్టి కార్డు మీ చేతిలో పెట్టించాలి. మీరు వెంటనే 'ఆపుదాం' అని, పని ఆపి, ఒక నిమిషం ఇసుక గడియారం తిప్పండి. ఎదురుగా కూర్చున్న మీరే కార్డూ పెట్టించి, మీరే తీసుకుంటే, అడగడమంటే ఏమిటో పిల్లాడికి అర్థం కాదు.

మొదటి రోజుల్లో కార్డు ఇచ్చిన ప్రతిసారీ విరామం ఇవ్వాల్సిందే, గంటలో ఇరవైసార్లు ఇచ్చినా సరే. ఇక్కడే చాలామంది 'ఇలాగైతే ఇంక పనెప్పుడు చేస్తాడు' అని కార్డు దాచేస్తారు. దాచిన రోజే కాటు మళ్ళీ మొదలవుతుంది. పదిసార్లకు ఎనిమిదిసార్లు ఎవరి సాయం లేకుండా కార్డు ఇవ్వడం వరసగా మూడు రోజులు కనిపించాక, 'ఒక్క బ్లాకు పెట్టు, ఆపుదాం' అనండి. తర్వాత రెండు, తర్వాత నాలుగు. పనిని కూడా ఒకసారి చూసుకోండి. అప్పటికే వచ్చిన పనులు రెండు మూడు చేయించి మధ్యలో కొత్తది ఒకటి పెడితే కూర్చుంటాడు. వరసగా రానివే పెడితే పెద్దవాళ్ళం మనమే లేచిపోతాం.

కొరికాడని పని రద్దు కాకూడదు. అలాగని పట్టి కూర్చోబెట్టకూడదు. అరుపు, కోపం, ఉపన్యాసం ఏవీ వద్దు. కాస్త శాంతించాక అదే పనిలో అతి తేలికైన ముక్క, ఒక్క బ్లాకు చాలు, చేయించి కార్డుతో విరామం అడిగించండి. కొరకడం వల్ల ఇంతకాలం దొరికింది దొరకకపోతే మొదట్లో కొన్ని రోజులు కాటు పెరగవచ్చు. దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. ఆ రోజుల్లో ఎవరైనా బెదిరి వదిలేస్తే, 'ఇంకా గట్టిగా కొరికితే పనవుతుంది' అని నేర్పినట్టవుతుంది. ఒక హెచ్చరిక: తల గోడకు కొట్టుకోవడం లాంటి, తనకే గాయమయ్యే ప్రవర్తనను 'పట్టించుకోకపోతే తగ్గుతుంది' అని వదిలేయకండి. వెంటనే దిండో మీ అరచెయ్యో అడ్డు పెట్టి, అనుభవం ఉన్న సూపర్‌వైజర్‌ను పిలవండి.

పళ్ళు దిగినప్పుడు చెయ్యి వెనక్కి లాగితే చర్మం చీలుతుంది. కదలకుండా నోటి వైపే కాస్త ఆనించి ఉంచండి, పట్టు వదులుతుంది. ముక్కు మూయడం, బుగ్గలు నొక్కడం ఎప్పుడూ చేయకూడదు. చర్మం తెగితే సబ్బుతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, సైకాలజీ ఒక సబ్జెక్టు. 40 గంటల ఆన్‌లైన్ కోర్సు చేస్తే బిహేవియర్ థెరపిస్టు అయిపోవచ్చని ప్రకటన చూశాను. నిజమేనా?

జవాబు: కోర్సు పనికొస్తుంది, అది మాత్రమే చాలదు. ఆ 40 గంటల లెక్క అమెరికాలో రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్ అనే సర్టిఫికెట్‌కు పెట్టిన శిక్షణది. ఆ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు 2023 నుంచి మన దేశంలో ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. ఆ పేరు చూపి ఎవరైనా డబ్బు కట్టమంటే ఈ సంగతి అడగండి.

మన దగ్గర ఈ రంగాన్ని చూసేది 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని జాబితాలో 'బిహేవియర్ థెరపిస్టు' అని విడిగా ఒక వర్గం లేదు. స్పెషల్ టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు ఉన్నారు. అందుకే డిగ్రీ తర్వాత రెండేళ్ళ స్పెషల్ ఎడ్యుకేషన్ బి.ఎడ్. చేసి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని నంబరు తీసుకుని, దాని మీద బిహేవియర్ థెరపీ నేర్చుకోవడం నిలకడైన దారి. సికింద్రాబాద్‌లో నీపిడ్ (NIEPID) ఉంది, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన కేంద్ర సంస్థ. అక్కడైనా మరెక్కడైనా ఫీజు కట్టే ముందు, ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ కౌన్సిల్ ఆమోదించినవేనా అని దాని వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఉద్యోగానికి వెళ్ళినప్పుడు జీతం కంటే ముందు మూడు సంగతులు అడగండి. పిల్లాడి ప్లాన్ రాసేది ఎవరు? నా సెషన్‌లో కూర్చుని చూసేది ఎవరు, వారానికి ఎన్నిసార్లు? రోజుకు ఎంతమంది పిల్లలు? 'అన్నీ మీరే చూసుకోవాలి' అనే చోట కొత్తవాళ్ళు పని నేర్చుకోలేరు. నష్టపోయేది పిల్లలు.

ప్రశ్న: ఆరేళ్ళ పాప. చేతులు కడుక్కోవడం ఎనిమిది నెలలుగా నేర్పుతున్నాను. చెయ్యి పట్టుకుంటే అన్నీ చేస్తుంది, వదిలేస్తే శిలలా నిలబడుతుంది. – స్పెషల్ టీచర్, రాజాం

జవాబు: పాప నేర్చుకుంది, మీరు పట్టుకునేదాకా ఆగాలని కూడా నేర్చుకుంది. సాయం మొదలుపెట్టిన రోజే దాన్ని తీసేసే లెక్క కూడా రాసుకోవాలి. లేకపోతే జరిగేది ఇదే.

పనిని మెట్లుగా రాయండి. కుళాయి తిప్పడం, చేతులు తడపడం, కుళాయి కట్టడం, సబ్బు తీసుకోవడం, పది లెక్కపెట్టేదాకా రుద్దడం, కుళాయి తిప్పి కడగడం, కట్టడం, తువ్వాలుతో తుడవడం. ఎనిమిది మెట్లు. చివరి మెట్టు నుంచి వెనక్కి రండి. మొదటి ఏడూ మీ సాయంతో, తుడవడం మాత్రం పాపే. అది వచ్చాక ఏడో మెట్టు కూడా వదలండి. సాయం చేసేటప్పుడు పాప ఎదురుగా కాదు, వెనక నిలబడండి. పట్టును వేళ్ళ నుంచి మణికట్టుకు, మోచేతికి, భుజానికి జరుపుతూ చివరికి తాకకుండా నీడలా ఉండండి. ప్రతి మెట్టు దగ్గరా ముందు మూడు నాలుగు సెకన్లు ఆగండి. ఆ నాలుగు సెకన్లూ ఓర్చుకోవడమే టీచరుకు అసలు కష్టం. నోటితో 'ఇప్పుడు సబ్బు, ఇప్పుడు నీళ్ళు' అని చెప్పకండి. చేతిసాయం కంటే మాటసాయం మాన్పించడమే కష్టం. చెప్పాల్సి వస్తే కుళాయి పక్కన ఫొటోలు అంటించి వేలుతో చూపండి.

ఇంకొకటి. బడిలో కుళాయి, ఇంట్లో బకెట్టూ మగ్గూ అయితే అవి రెండు వేరు వేరు పనులు. మగ్గు ఎడం చేత్తో పట్టి కుడిచేతి మీద పోసుకోవడం, మగ్గు పెట్టేయడం, మళ్ళీ తీయడం వేరే మెట్లు. ఇంటికెళ్ళి చూసి ఆ మెట్లు వేరే కాగితం మీద రాయండి.

ప్రశ్న: సెంటర్‌లో మా బాబు 'నాకు నీళ్ళు కావాలి' అంటాడట. ఇంట్లో ఒక్క మాటా లేదు. – ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: సెంటర్‌లో టీచరు 'ఏం కావాలి?' అని అడుగుతుంది. ఇంట్లో మామ్మ 'ఏటి కావాలి?' అంటుంది. పెద్దవాళ్ళకు రెండూ ఒకటే, ఆ బాబుకు కాదు. పిల్లాడికి నేర్పాల్సింది ఇంటి మాట. థెరపిస్టు మీ ఇంట్లో మాట్లాడే తీరు అడిగి తెలుసుకుని, 'ఏటి' అనే అడగాలి. మూడు పదాల వాక్యం కంటే 'నీళ్ళు' అన్న ఒక్క మాట మామ్మ దగ్గర పనిచేస్తే అదే గొప్ప. ఇద్దరు ముగ్గురు మనుషులతో, రెండు మూడు చోట్ల, వేరే గ్లాసుతో కూడా అడిగినప్పుడే ఆ మాట వచ్చిందని రాసుకోవాలి. మీరు ఇంట్లో చేయవలసింది ఒకటే: అడగక్కుండానే గ్లాసు చేతిలో పెట్టకండి. గ్లాసు కనపడేలా పట్టుకుని ఐదు సెకన్లు చూడండి, ఏ చిన్న శబ్దం చేసినా వెంటనే ఇవ్వండి. దాహంతో ఏడిపించకండి.

ప్రశ్న: బహుమతిగా ఫోను, చిప్స్ తప్ప ఏదీ పనిచేయడం లేదు.

జవాబు: వేరేవి వెతికి చూశారా? ఆరు వస్తువులు తీసుకుని రెండేసి చొప్పున ముందు పెట్టి, దేన్ని తీసుకుంటాడో రాయండి. ప్రతిదాన్నీ మిగతా ఐదింటితో కలిపి చూడాలి. మొత్తం పదిహేను జతలు. బుడగలు, తిరిగే బొంగరం, దుప్పట్లో ఊపడం ఇలాంటివి చాలామంది పిల్లల దగ్గర పైకి వస్తాయి. అలా ఎక్కువసార్లు ఎంచుకున్నది ఇంకెప్పుడూ దొరక్కూడదు, సెషన్‌లోనే దొరకాలి. సరైన పని చేసిన ఒకటి రెండు సెకన్లలో చేతికి అందాలి. తినేదైతే గోరంత ముక్క. పలాస జీడిపప్పు ఎంత ఇష్టమైనా చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడవచ్చు, వద్దు. మధ్యాహ్నం అన్నాన్ని ఎప్పుడూ బహుమతి చేయకండి. అన్నం పిల్లాడి హక్కు.

ప్రశ్న: విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పాపను తీసుకెళ్ళాలని మా అత్తగారి కోరిక. చప్పుడుకు చెవులు మూసుకుని ఏడుస్తుంది. తీసుకెళ్ళవచ్చా?

జవాబు: ఉత్సవం జరిగే మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబెట్టడం వద్దండి. అత్తగారి కోరిక మాత్రం తీర్చవచ్చు. పండగకు రెండు మూడు వారాల ముందు, జనం పలచగా ఉండే ఉదయం వేళ పైడితల్లమ్మ గుడికి ఐదు నిమిషాలు తీసుకెళ్ళి, పాప బాగున్నప్పుడే తిరిగి రండి. ఏడ్చాక తీసుకొస్తే ఏడుపే దారని నేర్చుకుంటుంది. తర్వాత పది నిమిషాలు. చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఇంట్లో ముందే అలవాటు చేయండి. డప్పుల చప్పుడు ఫోనులో చాలా తగ్గించి, ఆడుకునే వేళ వినిపించి, రోజుకి కొంచెం పెంచండి. సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి చెట్టు మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి, ఆ దారిలో తెలిసినవాళ్ళ మేడ ఉంటే కిటికీలోంచి ఒక్కసారి చూపించి లోపలి గదిలోకి తీసుకెళ్ళవచ్చు. పాపతో ఒకరు పూర్తిగా పాప కోసమే ఉండాలి, మొక్కులకీ ఫొటోలకీ కాదు.

ప్రశ్న: బాబు తలుపు తీసి ఉంటే చాలు పరుగు తీస్తాడు. మా ఇంటి వెనకే చెరువు. – ఆమదాలవలస దగ్గర పల్లె

జవాబు: ఇది ఈ రోజే చేయాల్సిన పని. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిని నీళ్ళు లాగుతాయి, లోతు భయం ఉండదు. గడియలు పెద్దవాళ్ళ చెయ్యి అందే ఎత్తులో పెట్టించండి, తలుపుకు గంట కట్టండి, పెరటికి దడి వేయించండి. బావి ఉంటే మూత వేయించండి. పేరు, ఫోను నంబరు చొక్కా లోపలివైపు కుట్టండి, కాగితమైతే చింపేస్తాడు. ఇరుగుపొరుగుకీ, చెరువు గట్టున దుకాణం వాళ్ళకీ బాబు ఫొటో చూపించి చెప్పి ఉంచండి.

'ఆగు' నేర్పడం ఇంటి లోపల మొదలుపెట్టండి. చెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు నడిచి, 'ఆగు' అంటూ మీరూ ఆగి, ఆగిన క్షణంలోనే ఇష్టమైనది ఇవ్వండి. రోజూ పదేసిసార్లు రెండు పూటలా. తర్వాత చెయ్యి వదిలి, తర్వాత వాకిట్లో, చివరికి గట్టు వైపు. గట్టు మీద ఎంత బాగా ఆగినా చెయ్యి అందే దూరం దాటనివ్వకండి. చెరువుకే పరిగెడుతుంటే అతనికి కావలసింది నీళ్ళు. రోజూ ఒక వేళకు టబ్బులో, మీరు పక్కనే కూర్చుని, ఆడుకోనివ్వండి. ఆ వేళ చూపించే ఫొటో ఒకటి గోడకు పెట్టి, పరిగెత్తకుండా దాన్ని తాకి అడగడం నేర్పండి.

ఎప్పుడైనా కనపడకపోతే రోడ్డు వైపూ చుట్టాల ఇళ్ళ వైపూ కాదు, ముందు చెరువు దగ్గరికి పరిగెత్తండి. ఇంకొకరిని బావి దగ్గరికి పంపండి. ఆ తర్వాతే మిగతా ఊరు.