చేపల ట్యాంకులో తేడా వస్తే ఆఫీసుకు సెలవు పెట్టాలా, ఆగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మూడడుగుల ట్యాంకు, పొద్దున బయల్దేరే వేళకి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఇంట్లో చూసేవాళ్ళు లేరు, ఇలాంటి వాటికే సీఎల్‌లు కరిగిపోతున్నాయి. ఏది సెలవు పెట్టాల్సినది, ఏది సాయంత్రం దాకా ఆగేది?

మూడు సందర్భాల్లో మాత్రం ఇల్లు వదిలి ఆఫీసుకు వెళ్ళొద్దు. ట్యాంకు నీళ్ళు బయటికి పోతుంటే. నీళ్ళలోకి కరెంటు వస్తుంటే. ఊపిరాడక పైకొచ్చిన చేపలు మీరు చేయాల్సింది చేశాక కూడా గంటలో కిందికి దిగకపోతే. మిగతావి దాదాపు అన్నీ ముప్పావు గంట పనులే, ఆలస్యంగా వస్తానని చెప్తే సరిపోతుంది.

ముందు మీ చేపల సంగతి. ఫైటర్, గౌరమి లాంటివి అప్పుడప్పుడు పైకొచ్చి గాలి పీల్చడం మామూలే, కంగారు పడకండి. గప్పీలు, ఏంజెల్స్, గోల్డ్ ఫిష్ అన్నీ ఒకేసారి పైన చేరితేనే ప్రమాదం. మొట్టమొదట గాలి పెంచండి: రెండో ఎయిర్ స్టోన్ వేయండి, ఫిల్టర్ నీళ్ళు పైనుంచి చప్పుడు చేస్తూ పడేలా తిప్పండి, మూత తీసేయండి. 25 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పడుతుంది, 32 డిగ్రీలకి 7.3 దగ్గరకి వచ్చేస్తుంది. చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తెల్లవారుజామున చేపలు పైకి రావడానికి చాలాసార్లు ఇదే కారణం. మొక్కలు ఎక్కువున్న ట్యాంకులో ఇంకా ఎక్కువ, అవి కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి కదా.

గాలి పెంచిన పావుగంటలో చేపలు కుదుటపడితే ఆక్సిజనే కారణం, బయల్దేరండి. కుదుటపడకపోతే నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్ళితే చేరే విషాలు) చూడాలి. చుక్కల మందు కిట్‌తో అమ్మోనియా రంగు తేలడానికి ఐదు నిమిషాలు చాలు. రాయి వెనకో ఫిల్టర్ వెనకో పెద్ద చేప చచ్చి పడుందేమో కూడా చూడండి. మొప్పలు ఎర్రగా కాక గోధుమరంగులోకి తిరిగితే నైట్రైట్ అనే అనుమానించండి: అది రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని చంపేస్తుంది, అందుకే ఎంత గాలి కొట్టినా చేప తేరుకోదు. దీనికి వంటింట్లోనే మందు ఉంది. లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పు కరిగించి నెమ్మదిగా పోస్తే, నైట్రైట్ మొప్పల గుండా లోపలికి పోకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుపడుతుంది.

ఉప్పుకైనా మందుకైనా ట్యాంకు లెక్క సరిగా తెలియాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే అంచుదాకా 127 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన ఖాళీ పోగా 105–110 మిగులుతాయి. ఇందులో రెండు ఇరవై లీటర్ల బకెట్లు తీసి రెండు పోస్తే మూడో వంతు పైన మారినట్టే. మున్సిపల్ నీళ్ళయినా ట్యాంకరు నీళ్ళయినా క్లోరిన్ ఉంటుందనే అనుకోండి. అక్వేరియం షాపులో దొరికే హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు 10 గ్రాములు కరిగించి 100 మిల్లీలీటర్ల ద్రావణం చేసుకుంటే, దాంట్లో 4 మిల్లీలీటర్లు ఒక బకెట్‌కి చాలు. హైపో క్లోరిన్‌నే తీస్తుంది, అమ్మోనియాని తీయదు. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ, పైపులోంచి రాగానే ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. బకెట్లో ఎయిర్ స్టోన్ వేసి కాసేపు ఆడించాకే పోయండి.

నెలల తరబడి నీళ్ళు మార్చని ట్యాంకుతో మాత్రం చాలా జాగ్రత్త. అక్కడ పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 దాకా పడిపోయి ఉండొచ్చు. అమ్మోనియా ఎంతున్నా పెద్దగా హాని లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 ఉన్న కొత్త నీళ్ళు సగం పోశారంటే అదంతా విషంగా మారుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషభాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్ళు మార్చాక చచ్చిపోయాయని చాలామంది వాపోయేది దీనివల్లే. ఇక్కడ ఒకసారికి పది, పదిహేను శాతమే మార్చి, రెండు మూడు గంటలు ఆగి మళ్ళీ మార్చాలి. ఈ పని ఫోన్లో చెప్పి చేయించేది కాదు, హాఫ్ డే పెట్టేయండి.

ఇక లీకు. ముందు అది నిజంగా లీకేనా అని తేల్చుకోండి. ట్యాంకు చుట్టూ పూర్తిగా తుడిచి, కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి, ఎక్కడ మొదట తడుస్తుందో చూడండి. ఎయిర్ ట్యూబ్ వెంట జారే నీరు, బుడగలు మూతకి తగిలి చిమ్మడం, ఫిల్టర్ పైపు నట్టు వదులవడం, ఇవన్నీ లీకులాగే కనిపిస్తాయి. నీటిమట్టం దగ్గర అద్దంమీద పెన్నుతో గీత పెట్టండి. మీ ట్యాంకులో ఒక మిల్లీమీటరు తగ్గితే పావు లీటరు పైనే పోయినట్టు. గంటలో అంత తగ్గితే అది ఆవిరి కాదు. కారేది పైభాగపు అతుకులో అయితే నీళ్ళు దానికి రెండంగుళాల కిందికి దించి, ఫిల్టర్‌కి నీళ్ళు అందుతున్నాయో లేదో చూసి వెళ్ళొచ్చు. అడుగు అతుకు కారినా, అద్దం మీదే బీట పడినా వెళ్ళకూడదు. బీట ఎప్పుడు పొడుగవుతుందో చెప్పలేం. హీటర్, ఫిల్టర్ ప్లగ్గులు తీసేయండి. ట్యాంకు నీళ్ళనే బకెట్లలోకి పట్టి చేపల్ని అందులోకి మార్చి, ఎయిర్ స్టోన్ వేసి మూత వాల్చండి. ఫిల్టర్ స్పాంజ్ కూడా ఆ నీళ్ళలోనే వేయండి, ఎండితే అందులోని బాక్టీరియా పోతుంది. తర్వాత అరంగుళం సైఫన్ పైపు పెడితే మిగిలిన నీళ్ళు ఇరవై నిమిషాల్లో ఖాళీ.

అదే రోజు అతికించి నింపేద్దామనుకోవద్దు. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కి పట్టదు. పాతది బ్లేడుతో పూర్తిగా గీకి, అసిటోన్‌తో తుడిచి, ఫంగస్ మందు కలపని సిలికాన్ లోపలివైపు వేయాలి. బయట ఎంత పూసినా లోపలి నీటి ఒత్తిడి దాన్ని నెట్టేస్తుంది. ఆరడానికి కనీసం రెండు రోజులు, మందంగా వేస్తే వారం. కాబట్టి సెలవు పెట్టేది ట్యాంకు ఖాళీ చేయడానికే, రిపేరు ఆదివారం పెట్టుకోండి.

కరెంటు: నీళ్ళలో చెయ్యి పెడితే జివ్వుమన్నా, హీటర్ గాజు పగిలినా, చేప కొట్టుకుంటున్నా సరే ముందు బోర్డు దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే చెయ్యి పెట్టండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ మనిషిని కాపాడదు. కరెంటు పక్కదారిలో లీకవగానే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కాపాడుతుంది.

కరెంటు కోతకి సెలవు అక్కర్లేదు, ఇన్వర్టర్ సాకెట్‌కి ఎయిర్ పంపు మార్చి వెళ్ళండి. అది లాగేది నాలుగైదు వాట్లే. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) రెండు మూడు గంటలు ఆగిపోయి ఉంటే మాత్రం లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజ్‌ని బకెట్లోకి తీసిన ట్యాంకు నీళ్ళలో పిండి, అప్పుడే వేయండి. లేకపోతే లోపల కుళ్ళినదంతా ఒక్కసారిగా చేపలమీద పడుతుంది. తెల్లమచ్చలు, తోక చిరగడం, నీళ్ళు మసకబారడం, ఇవన్నీ సాయంత్రం చూడొచ్చు. ఆ పూట మేత వేయకండి, అంతే. గదిలో దోమల మందో పెస్ట్ కంట్రోలో కొట్టుంటే మాత్రం ఆగొద్దు: ఎయిర్ పంపు ఆ గాలినే నీళ్ళలోకి కొడుతుంది, పైరెత్రాయిడ్ మందులు చేపలకి తీవ్రమైన విషం. పంపుని కిటికీ దగ్గరికి మార్చి, సగం నీళ్ళు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

ఆఫీసుకి జ్వరమని చెప్పొద్దు. "ఇంట్లో ట్యాంకు పగిలింది, నీళ్ళు కింది ఫ్లాట్‌లోకి దిగకముందే ఖాళీ చేయాలి. పది గంటల కాల్ ఫోన్లో తీసుకుంటాను, పదకొండున్నరకి లాగిన్ అవుతాను" అని ఎనిమిదిలోపే పెట్టండి. చేప బాధ అర్థంకాని మేనేజర్‌కి కూడా నీళ్ళ లీకేజీ అర్థమవుతుంది. షిఫ్టు డ్యూటీ, స్కూలు, ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఈ వెసులుబాటు ఉండదు. వాళ్ళు పక్కింటివాళ్ళకి తాళంచెవి ఇచ్చి, ప్రతి ప్లగ్గుకీ 'గాలి', 'ఫిల్టర్', 'హీటర్' అని చీటీ అంటించి ఉంచాలి. అప్పుడు ఫోన్లో "హీటర్ ఆపండి" అంటే ఏది పీకాలో వాళ్ళకి తెలుస్తుంది.

చాలా సెలవులు పోయేది సామాను కోసం షాపు తెరిచేదాకా ఎదురుచూడడంలోనే. కొత్త బకెట్లు రెండు (సర్ఫు తగలనివి), సైఫన్ పైపు, హైపో, రాళ్ళుప్పు, కిట్, అదనపు ఎయిర్ పంపు, నాన్ రిటర్న్ వాల్వు (పంపు ఆగితే ట్యూబులోంచి నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది), బ్యాటరీ పంపు ట్యాంకు కిందే పెట్టుకోండి. వాల్వు మీది బాణం ట్యాంకు వైపు ఉండాలి. బ్యాటరీ పంపులో సెల్స్ వేసి ఉంచితే కారి లోపల తుప్పు పడుతుంది, విడిగా రబ్బరు బ్యాండుతో పంపుకే చుట్టి ఉంచండి.