నగలు పెట్టి ప్రకటనలు ఇవ్వాలా? ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జాకెట్లు, చుడీదార్లే ఎక్కువ. కిందటి ఏడాది దాకా నెలకు 1,10,000 వచ్చేది, ఇప్పుడు 68,000 దాటడం లేదు. మా చుట్టుపక్కల కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరికి జీతాలు సగమయ్యాయి. షాపు అద్దె 14,000, ఇద్దరు టైలర్లకు 36,000, కరెంటు, దారాలు వగైరా 5,000. ఇంటికి కనీసం 25,000 కావాలి. 3 లక్షల ఎఫ్‌డీ, 12 సవర్ల బంగారం ఉన్నాయి. నగలు పెట్టి 3 లక్షలు తెచ్చి, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు ఇస్తూ, పిల్లల రెడీమేడ్ బట్టలు, కర్టెన్లు కూడా మొదలుపెడదామా అనుకుంటున్నాను. నిరుడు ఒక డాన్స్ టీచర్ పంపితే నాలుగు కూచిపూడి కాస్ట్యూమ్స్ కుట్టాను. ఒక్కోదానికి కూలి 3,200, అందులో లైనింగు, హుక్కులకు నాది 500 పోయింది. బాగున్నాయన్నారు గానీ అది ఎప్పుడో ఒకసారి వచ్చే పని. ఏం చేయమంటారు?

జవాబు: నగలు తీయకండమ్మా. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ నాలుగు కాస్ట్యూమ్స్ దగ్గరే మీకు దారి ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

మీ ఖర్చులు 55,000 పోగా చేతికి 13,000 మిగులుతోంది. ఇంటికి 25,000 కావాలి కాబట్టి నెలకు 12,000 తక్కువ పడుతోంది. ఈ లోటు ఇలాగే సాగినా మీ ఎఫ్‌డీ రెండేళ్లు కాస్తుంది. అంటే కష్టంగా ఉంది, నిజమే, కానీ రేపే మునిగిపోయే పరిస్థితి కాదు. ఇప్పుడు 3 లక్షల అప్పు తెస్తే, పది శాతం వడ్డీ అనుకున్నా, నెలకు 2,500 అదనపు భారం. లోటు 14,500కి చేరుతుంది, అసలు తీర్చడం అలాగే ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ 2025 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం సొంత ఖర్చులకు తీసుకునే బంగారం రుణం 2.5 లక్షల లోపు అయితే నగ విలువలో 85 శాతం దాకా, 5 లక్షల లోపు అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. ఎక్కువ ఇస్తున్నారు కదా అని ఆశ పడొద్దు. తీర్చాల్సిందీ అంత ఎక్కువే.

రెడీమేడ్, కర్టెన్ల ఆలోచన మానుకోమనే చెబుతాను. చవక బట్టల దుకాణాలుండే వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డు మీకు దగ్గర్లోనే ఉంది, తమిళుల ఆడి మాసం వస్తే టీ నగర్ మొత్తం తగ్గింపు బోర్డులే. ఆ ధరలకు మీరు సరుకు తేలేరు. ఇక జాకెట్టు కోసం ఊరికి ఆ చివరనున్న తాంబరం నుంచి పెరంబూరుకు ఎవరూ రారు. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన ఊరంతటికీ పెడితే వాళ్లు చూసినందుకు కూడా మీరే డబ్బు కట్టాలి.

చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం వాయిదా వేయగలిగినవన్నీ వాయిదా వేస్తారు. కొత్త జాకెట్టు లేకపోతే పాతది తొడుక్కుని పెళ్లికి వెళ్లొచ్చు. పాపకు మార్గళిలో (డిసెంబరు, జనవరి) ప్రదర్శన ఖాయమైతే, అరంగేట్రానికి హాలు మాట్లాడేస్తే, ఆ తేదీని వాయిదా వేయలేరు. నిరుటి కాస్ట్యూమ్ పొడుగు చాలదు. ఆ తల్లిదండ్రులు మరో ఖర్చు తగ్గించుకునైనా ఇది కుట్టిస్తారు. మాంద్యంలో చిన్న వ్యాపారం పట్టుకోవాల్సింది ఇలా తేదీ ఉన్న అవసరాన్నే.

పైగా కూచిపూడికి చెన్నైలో బలమైన పునాది ఉంది. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది ఈ ఊళ్లోనే. నాట్య దుస్తులు, నగల దుకాణాలు చాలావరకు మైలాపూరు చుట్టూ ఉన్నాయి. పెరంబూరు, కొళత్తూరు, విల్లివాక్కం పిల్లల తల్లులు కొలతలకు ఒకసారి, ఫిట్టింగ్‌కు ఒకసారి, సరిచేయించడానికి మళ్లీ ఒకసారి అంత దూరం తిరగాలి. మీరు వాళ్ల పక్కనే ఉన్నారు, తెలుగులో మాట్లాడతారు, పళ్లెం మీద నిలబడి తరంగం ఆడేటప్పుడు బట్ట అంచు కాలికి తగలకూడదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. భరతనాట్యం ఆర్డర్ వస్తే తీసుకోండి. బోర్డు మీద మాత్రం కూచిపూడి అనే రాయించండి.

ఇప్పుడు లెక్క. ఒక కాస్ట్యూమ్‌కు 500 పోగా 2,700 మిగులుతుంది. టైలర్ల జీతం ఎలాగూ ఇస్తున్నారు, పని తగ్గి మిషన్లు ఖాళీగానే ఉన్నాయి. నెలకు అయిదు కుడితే 13,500, మీ లోటు పూడిపోతుంది. అయిదంటే అయిదే! ఇద్దరు ముగ్గురు టీచర్లు నమ్మితే చాలు.

దీనికి ఎఫ్‌డీలోంచి 25,000 తీయండి, అంతకు మించి వద్దు. మీకు దగ్గర్లో ఉన్న టీచర్లను వెతికి, ఒక్కొక్కరికి వాళ్ల సొంత కాస్ట్యూమ్ ఒకటి సరుకు ఖర్చుకే కుట్టివ్వండి. వాళ్లు వేసుకుని ఆడితే పిల్లల తల్లులందరూ చూస్తారు. టీచర్‌కు కమీషన్ ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు, చివరికి ఆ భారం పిల్లల తల్లిదండ్రుల మీదే పడుతుంది. దానికి బదులు ప్రదర్శనకు పది రోజుల ముందే చేతికిస్తానని మాటివ్వండి, నిలబెట్టుకోండి. లోపల మార్జిన్ బట్ట వదిలి కుట్టండి. పాప ఎదిగినప్పుడు కుట్లు విప్పి పెద్దది చేయించుకోవడానికి మళ్లీ మీ దగ్గరికే వస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు పెట్టడం, వాట్సాప్ బిజినెస్ వాడటం ఉచితమే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మాత్రం మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కొలతలు తీసుకునేటప్పుడే నంబరు సేవ్ చేయించండి.

ఈ పని నెల నెలా సమానంగా రాదు. విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు, డిసెంబరు, జనవరిల్లో ఒత్తిడి ఉంటుంది, పరీక్షల నెలల్లో ఖాళీ. డిసెంబరులో వచ్చిన డబ్బులో కొంత ఫిబ్రవరి, మార్చి అద్దెకు విడిగా పెట్టండి. పట్టు బట్ట పిల్లల తల్లిదండ్రులే తెచ్చుకోవాలి, సగం కూలి అడ్వాన్సుగా తీసుకోవాలి.

స్కూళ్లు యాన్యువల్ డేకి ఒకేసారి ముప్పై అడుగుతాయి, డబ్బు దగ్గర సాగదీస్తాయి. అందుకే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ముందే చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా మీకు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ అడగొచ్చు.

అమెరికా ఆర్డర్లు వస్తాయని ఎవరైనా ఊరిస్తే తొందరపడకండి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. అక్కడున్నవాళ్లు సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు కుట్టించుకుని తీసుకెళ్తే సరే.

ఫిబ్రవరి నెలాఖరున పుస్తకం తీసి చూడండి. అక్టోబరు నుంచి పాతిక కాస్ట్యూమ్స్ దాటితే ఇద్దరు టైలర్లనూ ఉంచుకోండి. పది కూడా రాకపోతే ఒకరిని పీస్ రేటుకు (కుట్టినదానికే కూలి) మార్చక తప్పదు. ఆ సంగతి ఇప్పుడే ఇద్దరితోనూ కూర్చుని చెప్పండి, మార్చిలో ఉన్నట్టుండి చెబితే వాళ్లకు వేరే పని చూసుకునే వ్యవధి ఉండదు.