ఎడారిలో పాత బంగారు మిల్లు

ప్రశ్న: లాస్ ఏంజెలస్‌లో ఉన్న మా అమ్మాయి జూలైలో రమ్మంటోంది. అక్కడి జాషువా ట్రీ జాతీయ పార్కు ఎడారిలో వాల్ స్ట్రీట్ మిల్లని పాత బంగారు మిల్లు ఉందట. అబ్రకం గనుల మధ్య పెరిగినవాణ్ణి, అది చూడాలని ఉంది. మా వయసువాళ్లు నడవగలరా? ఏం గమనించాలి?
– ఒక పాఠకుడు, సైదాపురం, నెల్లూరు జిల్లా

జవాబు: జూలై వద్దండీ. నవంబరు, మార్చి మధ్యలో పెట్టుకోండి. నెల్లూరు ఎండకు అలవాటుపడిన ఒళ్లే కదా అనుకోవద్దు. మన దగ్గర చెమటకు చొక్కా తడిసి జాగ్రత్తపడతాం. అక్కడి పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన సంగతి తల తిరిగేదాకా తెలియదు. పార్కు అంచుల్లో కొన్నిచోట్ల తప్ప లోపల తాగునీరు దొరకదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, నడిచే రోజు ఎనిమిది, కారులో వేసుకోండి. ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

బార్కర్ డ్యామ్ పార్కింగ్ వైపు నుంచి పోనూ రానూ మూడు, నాలుగున్నర కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దాదాపు చదును నేలే, నిదానంగా నడవొచ్చు. ఇసుక వాగులో దారి చెదిరినచోట వెనక్కి తిరిగి గుర్తులు చూసుకుంటూ వెళ్లండి.

బిల్ కీస్ అనే ఆయన 1930ల మొదట్లో, వేరేచోట వాడిన పాత యంత్రాలు తెచ్చి ఈ మిల్లు కట్టాడు. చోటు ఎంచుకున్నది బావి కోసం. నీళ్లు లేందే ఇలాంటి మిల్లు నడవదు.

మిల్లును పైనుంచి కిందికి చూడండి, పని నడిచిన వరస అదే. లారీలో వచ్చిన ఖనిజాన్ని పైకి చేర్చేవారు. క్రషర్ దాన్ని చిన్న రాళ్లుగా చేసేది. ఆపైన స్టాంపులనే రెండు బరువైన ఇనప కడ్డీలు, ఇంజను తిప్పే ఇరుసు మీది కామ్‌లు (వంకర ఇనప ముక్కలు) ఎత్తి వదులుతుంటే, రోకళ్లలా పడి నీళ్లతోపాటు పిండి చేసేవి. ఆ బురద జల్లెడ దాటి పాదరసం పూసిన రాగి పలకల మీద పారితే బంగారం పాదరసానికి పట్టుకునేది. ఆ ముద్దను కాచి పాదరసాన్ని ఆవిరి చేస్తే బంగారం మిగిలేది. గంధకం ఉన్న ఖనిజాల్లో చిక్కిన బంగారాన్ని పాదరసం సరిగా పట్టదు. అందుకే పలకల తర్వాత బరువైన రేణువులను వేరుచేసే అదిరే బల్ల ఉండేది.

ఆ పాదరసం కారణంగానే మిల్లు కింది మట్టిని ముట్టుకోకండి. బయటినుంచే చూడండి, చెక్కలు పుచ్చిపోయి ఉంటాయి. చుట్టుపక్కల పాత గని గుంతల అంచుకు పోవద్దు, అంచు విరిగి లోపలికి జారుతుంది. తుప్పు మేకైనా తేవడం అక్కడ నేరం.