కృపకు పాత్రులమా, అపాత్రులమా?

సందేహం: క్రైస్తవ విశ్వాసాన్ని పరిచయం చేసే ఒక చిన్న పుస్తకానికి భాష సరిచూస్తున్నాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "కృప అనేది అపాత్రదానం, ఆ ఉచిత కృపకు పాత్రులమైన మనం దాన్ని నిలబెట్టుకోవాలి." అపాత్రదానం అనే మాటను మనం నిందగానే వాడతాం కదా, దేవుడు చేసిన పనికి ఆ మాట తగునా? అపాత్రులకు ఇచ్చినదని చెప్పి, వెంటనే 'పాత్రులమైన మనం' అనడం పరస్పర విరుద్ధం కాదా? పైగా ఉచితం అంటే తగినది అని అర్థం కనుక 'ఉచిత కృప' అంటే తగినవారికి దక్కిన కృప అనే అర్థం రాదా?

సమాధానం: మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా వాటి వేరు ఒక్కటే. ఎవరికి ఏది చెందాలో చెప్పడానికి మన భాషలో పాత్రత, అర్హత, యోగ్యత, ఔచిత్యం, తగుట వంటి మాటలు చాలా ఉన్నాయి. ఇచ్చే వస్తువుకూ పుచ్చుకొనే మనిషికీ మధ్య ఒక పొంతన ఉండాలన్న నమ్మకం మీద ఇవన్నీ నిలబడ్డాయి. క్రైస్తవులు కృప అని చెప్పేది సరిగ్గా ఆ పొంతన లేనిచోట జరిగే ఈవి. అందువల్ల దాన్ని గురించి తెలుగులో రాసేవారు ఏ మాట ఎత్తుకున్నా అది కొంత ఇరుకున పడుతుంది. ఆ ఇరుకే మీ వాక్యంలో కనిపిస్తున్నది.

ముందుగా కృప అనే మాటను చూద్దాం. అమరకోశం కారుణ్యం, కరుణ, ఘృణ, కృప, దయ, అనుకంప, అనుక్రోశం అనే ఏడింటినీ ఒకే వరుసలో పర్యాయపదాలుగా చెప్పింది. ఎదుటివారి దుఃఖానికి మనసు కరగడం వీటన్నిటిలోనూ ఉన్న అర్థం. శంతన మహారాజు వేటకు వెళ్లినప్పుడు రెల్లుపొదలో దొరికిన కవలపిల్లలను కృపతో తెచ్చి పెంచాడనీ, అందుకే వారికి కృపుడు, కృపి అనే పేర్లు వచ్చాయనీ భారతం ఆదిపర్వం చెబుతున్నది. ఈ పేర్ల కథ నాకు ఎంతో ఇష్టం. ఆ పసికందులు రాజుకు చేసిన మేలు లేదు, చేయగలిగినదీ లేదు, తామెవరి బిడ్డలో చెప్పుకోవడానికి నోరు కూడా లేదు. అయినా రాజు ఇంట పెరిగారు. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆ పిల్లలు నిస్సహాయులే కాని దోషులు కారు. క్రైస్తవ గ్రంథం చెప్పే కృప మరొక అడుగు వేసి దోషి దగ్గరకే వెళుతుంది. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని రోమీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు అంటాడు. నిస్సహాయుడిని ఆదుకున్నవాడిని లోకం మెచ్చుకుంటుంది. దోషికి మేలు చేసినవాడిని మాత్రం ఇదేం న్యాయమని నిలదీస్తుంది. మీ పుస్తక రచయితకు అపాత్రదానం అనే మాట అవసరమైనది ఈ రెండవ చోటనే.

బైబిలు రెండవ భాగమైన కొత్త నిబంధన మూలభాష గ్రీకు. కృప అని మనం తెలుగు చేసుకున్న మాట అక్కడ 'ఖారిస్'. ప్రీతి, అనుగ్రహం, ఈవి, ఆ ఈవికి బదులుగా చెప్పే కృతజ్ఞత, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. సంతోషమనే అర్థం గల 'ఖరా' దానికి దగ్గరి చుట్టం. చిరకాలంగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటను చాలాచోట్ల కృప అని, కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 9:15లో కృతజ్ఞతార్థంలో స్తోత్రము అని అన్నారు. రోమా పత్రిక 4:4లో వారు ఎంచుకున్న మాట మనకు మరింత ముఖ్యం: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." పని చేయించుకున్నవాడు కూలి ఇచ్చినప్పుడు తన బాకీ తీర్చుకుంటున్నాడే తప్ప ఎవరినీ అనుగ్రహించడం లేదు. ఈ వాక్యంలో ఋణానికి ఎదురుగా నిలిపిన 'దానము' మూలంలో ఖారిసే. కనుక కృపను దానమనడం మీ రచయిత కల్పించిన పోకడ కాదు, తెలుగు బైబిలులోనే దానికి ఆధారం ఉంది.

ఇక అపాత్రత. మన దానధర్మాల ఆలోచనలో పాత్రుడెవరన్నది చాలా పెద్ద ప్రశ్న. భగవద్గీత 17వ అధ్యాయం దేశకాలాలు చూసి, పాత్రుడికి, తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చేది సాత్త్విక దానమనీ, అపాత్రులకు ఇచ్చేది తామసమనీ చెప్పింది. మనం నిత్యం వాడే అపాత్రదానంలోని నింద ఈ సంప్రదాయం నుంచే వచ్చింది, అది అర్థం లేని నింద కూడా కాదు: ఇచ్చిన సొమ్ము దుర్వినియోగమైతే ఆ దోషంలో ఇచ్చినవాడికీ పాలుంటుందన్న బాధ్యత దానిలో ఉంది. గీత చెప్పిన రెండు కొలతల్లో తిరిగి ఉపకారం ఆశించకూడదన్న మొదటిదాన్ని క్రైస్తవ కృప నిండుగా ఒప్పుకుంటుంది. పాత్రతను చూడాలన్న రెండవదాని దగ్గర మాత్రం దారి మారుతుంది. ఆ మలుపును సూటిగా చెప్పగల తెలుగు మాట అపాత్రదానం కంటే మరొకటి నాకు కనిపించలేదు.

ఈ నిర్ణయానికి నేను ఒక్కసారిగా రాలేదు. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడి అనువాదంలో ఇదే మాట ఎదురైనప్పుడు, మీకు కలిగిన సంకోచమే కలిగి, దాన్ని కొట్టివేసి 'దయాదానం' అని రాశాను. తరువాత ఆదికాండం 32వ అధ్యాయం చదువుతుంటే యాకోబు ప్రార్థన దగ్గర ఆగిపోయాను. అన్నను మోసగించి పారిపోయి, ఏళ్ల తరువాత మందలతో, కుటుంబంతో తిరిగి వస్తూ, ఆ అన్ననే తలచుకొని భయపడుతూ యాకోబు దేవుడితో ఇలా అంటాడు: "నీవు నీ సేవకునికి చేసిన సమస్తమైన ఉపకారములకును సమస్త సత్యమునకును అపాత్రుడను." వెనుక ఈ నది దాటినప్పుడు తన చేతిలో ఉన్నది ఒక్క కర్ర మాత్రమేనని ఆ వెంటనే గుర్తు చేసుకుంటాడు. హీబ్రూ మూలంలో ఉన్నది 'వాటన్నిటి ముందు నేను చిన్నవాడిని' అనే అర్థం గల క్రియ. అనువాదకులు ఆ చిన్నతనాన్ని అపాత్రత అన్నారు. దానం పౌలు మాటగా, అపాత్రుడు యాకోబు మాటగా తెలుగు బైబిలులోనే ఉన్నప్పుడు, ఆ రెంటినీ కలిపినవాడిని తప్పు పట్టే హక్కు నాకు లేదనిపించింది. మిత్రుడికి ఫోన్ చేసి, కొట్టివేసిన మాటను మళ్లీ ఉంచమన్నాను. అయితే ఒక జాగ్రత్త అవసరం. అపాత్రదానమని తనను గురించి తాను చెప్పుకున్నప్పుడు అది వినయం. మరొకరికి దక్కిన కృపను చూపించి అన్నప్పుడు అదే మాట వెనుకటి నిందగా మారిపోతుంది. మీ వాక్యంలో 'మనం' అని ఉంది కనుక చిక్కు లేదు.

పాత్రత అడగని కరుణ తెలుగు పాఠకుడికి కొత్త ఊహ కాదన్న సంగతి కూడా చెప్పాలి. లలితా సహస్రనామంలో అమ్మవారికి 'అవ్యాజకరుణామూర్తి' అనే నామం ఉంది. వ్యాజం, అంటే నెపం, లేని కరుణ అది. శ్రీవైష్ణవంలో నిర్హేతుక కృపను గురించి పెద్ద చర్చే జరిగింది: కోతిపిల్ల తల్లిని తానే కరుచుకొని ఉన్నట్లు జీవుడి ప్రయత్నం కొంత ఉండాలా, పిల్లి తన కూనను నోట పట్టుకొని పోయినట్లు భారమంతా భగవంతుడిదేనా అన్నది ఆ చర్చలోని ప్రశ్న. ఈ సిద్ధాంతాలు, క్రైస్తవ సిద్ధాంతం ఒకటేనని నేననడం లేదు, వాటి పునాదులు వేరు. నిర్హేతుకమనే మాటను మాత్రం గుర్తు పెట్టుకోండి, మీ మూడవ సందేహం దగ్గర అది అక్కరకు వస్తుంది.

మీ రెండవ సందేహం 'పాత్రులమైన మనం' అన్నది. పాత్ర అంటే మొదట గిన్నె. తాగుట అనే అర్థం గల 'పా' ధాతువు నుంచి వచ్చింది. పోసినదాన్ని పట్టి ఉంచేది కనుక, ఇచ్చినదాన్ని పుచ్చుకొనే మనిషికి ఆ పేరు పాకింది. సంస్కృతంలో మనిషిని ఉద్దేశించి చెప్పినా 'పాత్రమ్' అని నపుంసకంగా వాడటం పరిపాటి, కాబట్టి అక్కడ గిన్నె పోలిక కొంత మిగిలే ఉంటుంది. తెలుగులో డుప్రత్యయం చేర్చి పాత్రుడు అనగానే గిన్నె మరుగున పడి అర్హుడు పైకి వస్తాడు. మత్తయి 10:37లోని "నాకు పాత్రుడు కాడు" అన్నచోట ఉన్నది పూర్తిగా అర్హతార్థమే. రోమా పత్రిక 9వ అధ్యాయంలో మాత్రం అనువాదకులు 'కరుణాపాత్ర ఘటములు' అన్నారు. పాత్ర, ఘటము రెండూ కుండ పేర్లే అయినా పక్కపక్కన ఎందుకు పెట్టారని ఆలోచిస్తే, పాత్ర అనే మాటలో అర్హత అంతగా నిండిపోయిందనీ, కుమ్మరి మట్టి పోలికను నిలపడానికి ఘటము అని విడిగా చెప్పవలసి వచ్చిందనీ నాకు తోస్తుంది.

కృపాపాత్రుడు అనే సమాసం వ్యాకరణానికి తప్పు కాదు, లోకవ్యవహారంలో చక్కగా నడుస్తున్నదే. కాని కృపకు అర్హత అక్కరలేదని చెప్పే వాక్యంలో దాన్ని వాడితే పాఠకుడికి మీకు కలిగిన అనుమానమే కలుగుతుంది. పాత అనువాదకులు ఈ ప్రమాదాన్ని ఎంత సున్నితంగా తప్పించుకున్నారో లూకా 1:28లో చూడవచ్చు. దేవదూత మరియను పలకరించే ఆ వాక్యంలో 'దయాపాత్రురాలా' అనడం చాలా తేలిక, చెవికి ఇంపు కూడా. వారు అలా అనకుండా "దయాప్రాప్తురాలా నీకు శుభము" అన్నారు. ప్రాప్తురాలు అంటే పొందినది. ఎందుకు పొందిందన్న లెక్క అందులో లేదు. గ్రీకులో ఉన్నది కూడా ఖారిస్ నుంచి పుట్టిన కర్మణి రూపమే. కథోలికుల తెలుగు ప్రార్థనలో ఇదే పలకరింపు 'దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా' అని ఉంటుంది. అక్కడ 'నిండిన' అనే ఒక్క మాటతో మరుగునపడ్డ గిన్నె మళ్లీ కళ్లముందుకు వచ్చింది. రెండు సంప్రదాయాల వారూ ఎవరి దారిలో వారు పాత్రురాలు అనే రూపాన్ని వదిలిపెట్టారు.

ఉచితం సంగతి. మీరన్నట్లు సంస్కృతంలో ఉచితమంటే తగినది. సముచితం, ఔచిత్యం, ఉచితానుచితాలు అన్నప్పుడు తెలుగులోనూ ఆ అర్థమే. వెల లేనిది అనే అర్థం తెలుగులో స్థిరపడి ఇప్పుడు అదే మొదట తోస్తుంది, కనుక 'ఉచిత కృప' అంటే తగినవారికి దక్కిన కృప అని ఎవరూ పొరబడరు. మూలాన్ని చూస్తే ఇంకొక విశేషం ఉంది. రోమా పత్రిక 3:24లో "కృపచేతనే ... ఉచితముగా నీతిమంతులని తీర్చబడుచున్నారు" అన్నచోట ఉచితముగా అనేది 'దోరెయాన్' అనే గ్రీకు మాటకు అనువాదం. లోకం తనను హేతువు లేకుండా ద్వేషించిందని యేసు చెప్పిన యోహాను 15:25లోనూ అదే మాట ఉంది. మనుషులు హేతువు లేకుండా ద్వేషించడం, దేవుడు హేతువు లేకుండా కృప చూపడం ఒకే మాటతో చెప్పబడ్డాయి. నిర్హేతుకం అనే మాటను గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. కృప ఎప్పుడూ ఉచితమే కదా, మళ్లీ ఉచిత కృప అనడం పునరుక్తి అని ఎవరైనా అంటే, పౌలే ఆ రెండు మాటలనూ ఒకే వాక్యంలో వాడాడని చెప్పండి.

మీ సందేహాల వెనుక ఉన్న అసలు ప్రశ్న, ఇది న్యాయమేనా అన్నది, మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానంలో కూలివాళ్లే అడిగారు. అక్కడ యజమాని మాటలు జాగ్రత్తగా వినాలి. తెల్లవారుజామున వచ్చినవారితో దినానికి ఒక దేనారమని (ఆనాటి వెండి నాణెం) ఒడంబడిక చేసుకున్నాడు. తొమ్మిది గంటలకు దొరికినవారితో "ఏమి న్యాయమో అది" ఇస్తానన్నాడు. సాయంత్రం అయిదు గంటలకు దొరికినవారితో మీరు కూడా తోటలోకి వెళ్లండని మాత్రమే అన్నాడు; కూలి ఊసే లేదు. ఇచ్చేవేళ చివరివారితో మొదలుపెట్టి అందరికీ ఒక్కొక్క దేనారం ఇచ్చాడు. పగలంతా ఎండబాధ సహించినవారు సణిగినప్పుడు "నీకు కడుపుమంటగా ఉన్నదా" అని అడిగాడు. మూలంలో ఆ చోట ఉన్నది 'నీ కన్ను చెడ్డదా' అనే నుడికారం. ఓర్వలేనితనానికి మనకు కళ్లలో నిప్పులు పోసుకోవడమనే నుడి ఉన్నా, అనువాదకులు కంటిని విడిచి కడుపును ఎంచుకున్నారు. కూలివాడి కోపానికి కడుపే దగ్గరి తావు అనుకున్నారేమో, నాకు మాత్రం ఆ ఎంపిక ఎంతో నచ్చింది.

ఆ కూలివారికి అన్యాయం జరగలేదు, ఒడంబడిక ప్రకారం రావలసినది వచ్చింది. అయినా వారి బాధ నిజమైనదే. దీన్ని చెప్పడానికి తెలుగులో చక్కని మాట ఉంది. తగు అనే ధాతువు నుంచి వచ్చిన తగవుకు పాత తెలుగులో న్యాయం, ఔచిత్యం అని అర్థం; ఇప్పుడు మనం దాన్ని పోట్లాట అనే అర్థంలోనే వాడుతున్నాం. ఎవరికెంత తగునని లెక్క మొదలుపెట్టిన చోటే ఆ తోటలో తగవు మొదలైంది. తగుట మీదనే నిలిచిన మరొక వాక్యం పోతన గజేంద్రుడి నోట ఉంది: "మన్నింపం దగున్ దీనునిన్." తగుదలకు అక్కడ ఆధారం యోగ్యత కాదు, దైన్యం.

లూకా 15వ అధ్యాయంలో ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు తిరిగివస్తూ మనసులో మూడు మాటలు కూర్చుకుంటాడు: పాపం చేశాను, నీ కొడుకు ననిపించుకోవడానికి యోగ్యుడను కాను, నన్ను నీ కూలివారిలో ఒకడిగా పెట్టుకో. తండ్రి ఎదుట మొదటి రెండూ చెప్పగలిగాడు. కూలి మాట నోటి నుంచి రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులకు చెబుతున్నాడు. అయోగ్యతను చెప్పుకోనిచ్చి, జీతానికి ఒప్పుకోనివ్వని ఆ తండ్రి పద్ధతే మీ వాక్యాన్ని సరిదిద్దడానికి కూడా దారి చూపుతుంది.

అపాత్రదానం అలాగే ఉండనివ్వండి. ఉచిత కృప కూడా ఉండవచ్చు. 'పాత్రులమైన' తీసివేసి 'పొందిన' అని రాయండి. మీరు అడగకపోయినా మరొక మార్పు అవసరం: 'దాన్ని నిలబెట్టుకోవాలి' అనే సకర్మక క్రియలో కృపను కాపాడే భారం పొందినవాడి మీద పడి, అర్హత వెనుక తలుపు నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. రోమా పత్రిక 5:2లో "ఈ కృపయందు ప్రవేశముగలవారమై, అందులో నిలిచియుండి" అని అకర్మక క్రియ ఉంది. అక్కడ నిలబెట్టవలసినది కృపను కాదు, నిలబడవలసినది మనం. కనుక మీ వాక్యాన్ని ఇలా ఉంచితే సరిపోతుంది: "కృప అపాత్రదానం, ఆ ఉచిత కృపను పొందిన మనం అందులో నిలిచి ఉండాలి."