జాంజిబారా, డయానీనా అన్నది రెండో ప్రశ్న

ప్రశ్న: మాది ఖమ్మం. నాలుగేళ్లుగా నైరోబీలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ మేనేజర్‌గా చేస్తున్నాను. భార్య, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు నాతోనే ఉన్నారు. చేతికొచ్చే జీతం 2,40,000 షిల్లింగులు. అద్దె, స్కూలు ఫీజులు, సరుకులు అన్నీ కలిపి 1,75,000 అవుతుంది. అమ్మకు 25,000 పంపిస్తాను. నెలకు 40,000 మిగులుతుంది. బ్యాంకులో 1,60,000 ఉంది. డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లాలని ఉంది. క్రిస్మస్ వారంలో టాంజానియా దీవి జాంజిబార్‌లో ఆరు రాత్రుల ప్యాకేజీకి ఏజెంటు 3,50,000 చెబుతున్నాడు. కెన్యా తీరంలోనే ఉన్న డయానీ, వటాము, లాము కూడా చూస్తున్నాం. బ్యాంకు 18 శాతం వడ్డీకి 12 నెలల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. నా వర్క్ పర్మిట్ ఇంకో 13 నెలలే ఉంది కాబట్టి అంతకు మించి గడువు ఇవ్వరట. ట్రిప్‌లో చేతిఖర్చులకు ఫోనులో దొరికే ఫులిజా ఎలాగూ ఉంది. ఎమర్జెన్సీ వస్తే ఖమ్మం లాకర్‌లో అమ్మ బంగారం ఉంది. ఎక్కడికి వెళ్తే మంచిది?

జవాబు: మీరు బీచ్ గురించి అడిగారు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మాత్రం పర్మిట్ ఇంకో 13 నెలలే ఉందన్నది. లోన్ గడువు చెప్పడానికి మీరు దాన్ని మామూలుగా రాసేశారు. మీ బ్యాంకు అంత మామూలుగా తీసుకోలేదు. పర్మిట్ ఉన్నంతవరకే మీకు జీతం గ్యారంటీ అని లెక్కేసుకుని, ఆలోపే తన డబ్బు తిరిగొచ్చేలా గడువు పెట్టుకుంది. తన మూడున్నర లక్షల గురించి బ్యాంకు పడిన జాగ్రత్త, మీ నలుగురి గురించి మీరు పడలేదు. నైరోబీ, దార్ ఎస్ సలామ్, కంపాలా లాంటి చోట్ల ఉద్యోగం చేసే మనవాళ్లలో ఈ పొరపాటు చాలా మామూలు. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది కూడా అందుకే.

కెన్యాలో మీలాంటి ఉద్యోగులకు ఇచ్చే క్లాస్ డి పర్మిట్ ఆ కంపెనీకి, ఆ ఉద్యోగానికి కట్టుబడి ఉంటుంది. మీ భార్యాపిల్లల డిపెండెంట్ పాస్‌లు మీ పర్మిట్ మీద ఆధారపడినవే. హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే మనిషి అదే ఇంట్లో ఉంటాడు, పిల్లలు అదే బడికి వెళ్తారు, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. మీకు ఉద్యోగం పోతే జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా కదిలిపోతుంది. అదే నెలలో నాలుగు విమాన టికెట్లు కొనాలి, సామాను అమ్మాలో పంపాలో తేల్చుకోవాలి, ఇక్కడికొచ్చి పిల్లల్ని బడిలో చేర్పించాలి, కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టాలి. అందుకే విదేశంలో ఉద్యోగం చేసేవాళ్ల ఎమర్జెన్సీ ఫండ్ ఊళ్లో ఉన్నవాళ్ల దానికంటే పెద్దదిగా ఉండాలని నేను పట్టుబడతాను.

మీ లెక్క వేద్దాం. మూడు నెలల ఇంటిఖర్చు 5,25,000. నలుగురికి వన్‌వే టికెట్లకు, తిరిగొచ్చాక మొదటి ఖర్చులకు కనీసం 2,00,000. అంటే 7,25,000 చేతిలో ఉండాలి. మీ దగ్గర 1,60,000 ఉంది. తక్కువైన 5,65,000ను నెలకు 40,000 చొప్పున పోగేస్తే 14 నెలల పైనే పడుతుంది. పర్మిట్ 13 నెలలే ఉంది. ఈ నెల నుంచి ఒక్క షిల్లింగు వృథా చేయకపోయినా మీరు కనీసం ఒక నెల వెనకబడే ఉన్నారు.

ఇందులోకి లోన్ వస్తే చూడండి. 3,50,000కు 18 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ దాదాపు 32,000. మొత్తం వడ్డీ 35,000 దాకా అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. వడ్డీని మించిన నష్టం ఇంకొకటుంది. మీకు నెలకు మిగిలే 40,000లో 32,000 ఈఎంఐకి పోతుంది. ఏడాదంతా కూడబెట్టగలిగేది 96,000. పర్మిట్ రెన్యువల్ అవుతుందో లేదో తెలియని రోజుల్లో మీ దగ్గర ఒకటిన్నర నెలల ఖర్చుకు కూడా డబ్బు చాలదు. ఆరు రాత్రుల కోసం ఇంత ప్రమాదం తెచ్చుకోకూడదండి.

ఇక చేతిఖర్చులకు ఫులిజా! ఎం-పెసా అనే ఫోన్ వాలెట్‌లో డబ్బు లేనప్పుడు వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్ అది. వాడగానే ఫీజు, తీర్చేదాకా రోజుకింత చొప్పున మరికొంత. పైగా మీ ఎం-పెసాలో ఎక్కడి నుంచి డబ్బు పడినా ముందు అదే కోసుకుంటుంది. అదే ఫోనులో దొరికే ఇంకో అప్పు ఎం-శ్వారి దారి పట్టినా 30 రోజులకు 7.5 శాతం ఫీజు. ఏడాదికి లెక్కేస్తే 90 శాతం. మన ఊళ్లో ఎవరైనా ఈ వడ్డీ అడిగితే ఊరంతా తిట్టిపోస్తుంది. ఫోనులో రెండు బటన్లు నొక్కితే వస్తోంది కాబట్టి మీకు అది అప్పులా అనిపించడం లేదు. ట్రిప్ బడ్జెట్‌లో ఫులిజా అనే పేరే రాకూడదు.

బంగారం గురించి కూడా సూటిగానే చెప్తాను. అది అమ్మ బంగారం. ఖమ్మంలో ఉంది. మీకు అవసరం పడేది నైరోబీలో. పెద్దావిడ లాకర్‌కు వెళ్లి, నగలు తీసి, తాకట్టు పెట్టి, ఆ డబ్బును ఫారాలు నింపి విదేశానికి పంపి, అది మీ ఖాతాలో పడేసరికి ఎన్ని రోజులవుతుంది? ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్ అన్ని రోజులు ఆగదు. పైగా రేపు అమ్మకే ఆరోగ్యం బాగోకపోతే? ఆ నగలు ఆవిడ ఎమర్జెన్సీ ఫండ్. మీది మీరు విడిగా పెట్టుకోవాలి.

పెట్టేటప్పుడు అంతా షిల్లింగుల్లోనే ఉంచకండి. 2024 జనవరిలో డాలరు 160 షిల్లింగులు దాటింది, అదే ఏడాది మధ్యకు మళ్లీ 130 దగ్గరకు దిగింది. మీరు ఇంటికి కొనాల్సిన టికెట్ల ధర డాలరును బట్టి కదులుతుంది. కాబట్టి టికెట్ల భాగాన్ని డాలర్ ఖాతాలో పెట్టి, మిగతాది మనీ మార్కెట్ ఫండ్‌లో వేయండి. లాక్ ఉండే డిపాజిట్లు దీనికి పనికిరావు.

ఇప్పుడు జాంజిబార్ సంగతి. ఏజెంటు చెప్పిన 3,50,000లో వీసా, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. మామూలుగా ఉండవు. మీరు కెన్యాలో ఉంటున్నా పాస్‌పోర్టు ఇండియాదే కాబట్టి టాంజానియా ఈ-వీసా తలకు 50 డాలర్లు. 2024 అక్టోబరు 1 నుంచి జాంజిబార్‌కు వచ్చే విదేశీయులు అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ కొనితీరాలి. పెద్దలకు 44 డాలర్లు, మూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 22. మీ నలుగురికీ కలిపి 332 డాలర్లు, డాలరుకు 129 చొప్పున దాదాపు 43,000 షిల్లింగులు. ఇసుక మీద కాలు పెట్టకముందే మీ ఒక నెల పొదుపు అయిపోయింది. కెన్యా నుంచి వెళ్తారు కాబట్టి ఎల్లో ఫీవర్ కార్డులు కూడా అడుగుతారు.

ఈ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇక టెన్షన్ లేదనుకోకండి. పాలసీలో ఏవి వర్తించవో చదవండి, ముఖ్యంగా డైవింగ్, బైక్ అద్దెకు తీసుకోవడం, ముందు నుంచీ ఉన్న జబ్బులు. కంపెనీ ఇచ్చే మెడికల్ కవర్ సాధారణంగా కెన్యా వరకే. జీతంలోంచి 2.75 శాతం కోసుకునే కెన్యా ప్రభుత్వ ఆరోగ్య బీమా ఎస్‌హెచ్‌ఏ కూడా అక్కడికి రాదు. దీవిలో పెద్ద ప్రమాదం జరిగితే మనిషిని దార్ ఎస్ సలామ్‌కో నైరోబీకో తరలించాల్సి రావచ్చు. ముందు డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోమంటే మీ 1,60,000 ఎంతసేపు నిలుస్తుంది? పాలసీ ఉన్నా ఎమర్జెన్సీ ఫండ్ ఉండాలనేది ఇందుకే. కెన్యాలో తిరిగేటప్పుడు కూడా ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ లాంటి ఎయిర్ అంబులెన్స్ సభ్యత్వం మీ కంపెనీ పాలసీలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే తీసుకోవడం మంచిది. మీకు టర్మ్ పాలసీ ఉందో లేదో కూడా రాయలేదు. లేకపోతే ట్రిప్ కంటే ముందు అది.

మిగతా రెండు చోట్ల గురించి క్లుప్తంగా. లాము అందమైన ఊరే, కానీ ఆ కౌంటీలో కొన్ని ప్రాంతాలకు వెళ్లొద్దని విదేశీ ప్రభుత్వాలు హెచ్చరికలు పెట్టాయి. అలాంటి చోట్ల చాలా పాలసీలు పనిచేయవు. చిన్నపిల్లలతో ఈసారికి వద్దు. వటాము బాగుంటుంది, కాకపోతే మొంబాసాలో రైలు దిగాక ఇంకా వంద కిలోమీటర్ల పైనే రోడ్డు ప్రయాణం.

మీకు డయానీ సరిపోతుంది. పగడపు దిబ్బ పెద్ద అలల్ని అడ్డుకుంటుంది కాబట్టి నాలుగేళ్ల బాబుతో ఒడ్డున ఆడుకోవచ్చు. నైరోబీ నుంచి మొంబాసా వెళ్లే రైలు మడరక ఎక్స్‌ప్రెస్‌లో ఎకానమీ టికెట్ 2024 జనవరి నుంచి 1,500 షిల్లింగులు, మూడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం. నలుగురికి రానూపోనూ 9,000. మిరిటినిలో ఉన్న మొంబాసా స్టేషన్‌లో దిగి డొంగో కుండు బైపాస్ మీదుగా వెళ్తే లికోని ఫెర్రీ దగ్గర పడిగాపులు కూడా తప్పుతాయి. రిసార్ట్ వద్దు, వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి. చాలా చోట్ల వంటమనిషిని కూడా ఏర్పాటు చేస్తారు. పిల్లలకు అన్నం, పప్పు దొరుకుతుంది. క్రిస్మస్ వారానికి ధరలు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి బడి మూసిన మొదటి వారంలోనే వెళ్లండి. రైలు టికెట్లు బుకింగ్ తెరవగానే కొనాలి, డిసెంబరులో త్వరగా అయిపోతాయి.

నాలుగు రాత్రులు, మొత్తం ఖర్చు 70,000 దాటకూడదు. ఇది వచ్చే రెండు నెలల పొదుపులోంచి రావాలి. బ్యాంకులో ఉన్న 1,60,000 ముట్టుకోవద్దు. ఈ ట్రిప్ వల్ల మీ ఫండ్ ఇంకో రెండు నెలలు వెనకబడుతుందని నాకు తెలుసు. పిల్లల సెలవులకు విలువ లేదనను, అందుకే ఇంతవరకు ఒప్పుకుంటున్నాను. జాంజిబార్‌కు మాత్రం పర్మిట్ రెన్యువలై, 7,25,000 పూర్తయ్యాకే. అప్పుడు కూడా మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఆ నెలలు వదిలేయండి. ఆగస్టు సెలవులు మేలు. పిల్లలు ఈత కొట్టాలంటే నుంగ్వి, కెంద్వా వైపు గది చూసుకోండి. తూర్పున పాజే, జంబియానీ దగ్గర ఆటు వచ్చినప్పుడు నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి.

లోన్ ఫారం మీద సంతకం పెట్టి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే బ్రాంచికి వెళ్లి రద్దు చేయించండి. ఆ తర్వాత మీ హెచ్‌ఆర్‌ను రెండు విషయాలు ఈమెయిల్‌లో అడగండి: పర్మిట్ రెన్యువల్ దరఖాస్తు ఎప్పుడు పెడతారు, ఉద్యోగం ముగిస్తే నలుగురికీ ఇంటికి టికెట్లు కంపెనీ ఇస్తుందా. టికెట్లు ఇస్తామని రాతపూర్వకంగా చెబితే, పైన వేసిన 2,00,000ను సగానికి తగ్గించుకోవచ్చు.