బాలింత గదిలో మల్లె తైలం వాడవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 29 ఏళ్లు. బాబు పుట్టి 10 వారాలైంది, నా పాలే ఇస్తున్నాను. వాడు పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. స్నేహితురాలు మల్లె తైలం ఇచ్చి, గదిలోకి పరిమళం వదిలే డిఫ్యూజర్ పరికరంలో వేసుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పింది. బాలింత దగ్గర మల్లెలుంటే పాలు తగ్గుతాయని మా అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా మీ అత్తగారి మాట గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి వీల్లేదు. బిడ్డ దక్కని తల్లులకు పాలు ఆగేందుకు రొమ్ములపై మల్లెపూలు కట్టడం మన దక్షిణాదిన పాత అలవాటే. దాన్ని పరీక్షించి 1988లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పూలు కట్టిన తల్లులకూ, పాలు ఆపడానికి అప్పట్లో వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్ర వేసుకున్న తల్లులకూ పాలు దాదాపు ఒకేలా తగ్గాయి; పాల ఉత్పత్తిని నడిపించే ప్రొలాక్టిన్ హార్మోను రెండు పద్ధతుల్లోనూ తగ్గింది, మాత్రతో మరికాస్త ఎక్కువ. అయితే అక్కడ పూలను రొమ్ములకు ఆనించి కట్టారు. జడలో మూర మల్లెలు పెట్టుకోవడం, గదిలో వాసన రావడం దానితో సమానం కావు. కాబట్టి తలలో పూల గురించి భయం అక్కర్లేదు. తైలాన్ని మాత్రం ఛాతీకి రాయకండి.

ఇక తైలం సంగతి. మల్లె, జాజి వంటి సున్నితమైన పూలు ఆవిరి వేడికి తట్టుకోలేవు. అందుకే హెక్సేన్ వంటి ద్రావణిలో నానబెట్టి, మైనం లాంటి ముద్దను తీసి, దాన్ని ఆల్కహాల్‌తో శుద్ధి చేస్తారు. సుమారు 1000 కిలోల పూలకు ఆ ముద్ద మూడు కిలోల లోపే వస్తుంది, అందులో సగం మాత్రమే అసలు తైలం. చవకగా దొరికే సీసాలో ఉన్నది చాలావరకు కృత్రిమ పరిమళమే అనుకోవచ్చు. అసలైన తైలంలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్, ఇండోల్ వంటి పదార్థాలు ఉంటాయి. వాసన నాడులు భావోద్వేగాలను, జ్ఞాపకాలను నడిపే మెదడు భాగాలకు నేరుగా చేరడం వల్ల మల్లె వాసనకు మనసు తేలికపడినట్టు అనిపించడం నిజమే. కానీ మల్లె తైలాన్ని చర్మానికి రాసి చూసిన ఒక ప్రయోగంలో రక్తపోటు, శ్వాస వేగం కాస్త పెరిగి, మనుషులు మరింత చురుకుగా ఉన్నామని చెప్పారు. నిద్ర కోసం వెతుకుతున్న మీకు అది సరిపోయే గుణం కాదు.

బాబు ఉన్న గదిలో డిఫ్యూజర్ వద్దు. పది వారాల పసివాడి శ్వాసనాళాలు చాలా ఇరుకు, పైగా వాడు అమ్మను గుర్తుపట్టేది ఒంటి వాసనతో. మీకు ఆ పరిమళం అంత ఇష్టమైతే, మరో గదిలో రుమాలు మీద ఒక్క చుక్క వేసుకుని కొద్దిసేపు పీల్చండి. కాళ్లకు రాసుకోవాలంటే 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో రెండు చుక్కలకు మించకూడదు. అదీ మోచేతి మడతలో రాసి, ఒక రోజు ఆగి, దురద, ఎర్రదనం లేకపోతేనే. ఈ తైలం చర్మానికి పడని వారు తక్కువేమీ కాదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది తైలం కాదమ్మా. కాన్పు తర్వాత వచ్చే మామూలు దిగులు రెండు వారాల్లో సర్దుకుంటుంది. పది వారాలకు కూడా, బిడ్డ నిద్రపోయినప్పుడు సైతం నిద్ర రాకపోవడం, కారణం లేని ఏడుపు ప్రసవానంతర కుంగుబాటుకు గుర్తులు కావచ్చు. ఇది మీ తప్పు కాదు, నయమయ్యే జబ్బు. ఈ వారంలోనే వైద్యులను కలిసి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి, వాటిలో తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది. మందులు అవసరమైతే, పాలిస్తూనే వాడగలిగినవి ఉన్నాయి. మీ నగరంలోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే ఉంచి చికిత్స చేసే విభాగం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మిమ్మల్ని గానీ బిడ్డను గానీ ఏదైనా చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ క్షణమే ఇంట్లోవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఈలోగా రాత్రి ఒక పూట పాలు పిండి ఉంచండి, శుభ్రమైన గిన్నెలో మూతపెడితే బెంగళూరు చల్లదనంలో నాలుగు గంటలు నిలుస్తాయి. ఆ పూట అత్తగారినో, మీవారినో ఉగ్గు గిన్నెతో పట్టమని చెప్పి, మీరు వేరే గదిలో పడుకోండి.