మార్చాల్సింది ప్రాసెసరేనా?

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను, రాత్రిళ్లు గేమ్స్ ఆడతాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 144 హెర్ట్జ్ 1080పీ మానిటర్ ఉన్నాయి. ప్రీమియర్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది. గేమ్‌లో జనం గుంపుగా ఉన్న చోటుకు పోతే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పడిపోతోంది. అంగట్లో అడిగితే బోర్డుతో సహా అంతా మార్చాలన్నారు. 5600 గానీ, 5700ఎక్స్ గానీ వేసుకుంటే సరిపోదా?
- ఒక పాఠకుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: బోర్డు మార్చే పని లేదు. మీది ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు). 2022లో వచ్చిన 5600, 5700ఎక్స్ రెండూ బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక అందులోనే కూర్చుంటాయి, ఉన్న ర్యామ్ కూడా పనికొస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో తెలిసిందే. ఈ పరిస్థితుల్లో కొత్త రకం ర్యామ్ డీడీఆర్5కి మారమనడం మీ జేబు చూసి ఇచ్చిన సలహా మాత్రం కాదు. అయితే మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణం ఒకటే కాకపోవచ్చు. కొనేముందు విడివిడిగా చూసుకోండి.

ముందు గేమ్స్ సంగతి. గ్రాఫిక్స్ కార్డు వాడకం చూపే ఆఫ్టర్‌బర్నర్ వేసుకుని, ఎఫ్‌పీఎస్ పడిపోయే చోటే నిలబడి కార్డు వాడకం ఎంతుందో చూడండి. 95 శాతం పైన ఉంటే భారం కార్డు మీద ఉన్నట్టు, ప్రాసెసర్ మార్చినా పెద్దగా తేడా రాదు. 60, 70 శాతం దగ్గరే ఉంటే రిజల్యూషన్‌ను 720పీకి దించి మళ్లీ చూడండి. అప్పటికీ ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసరే. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 45 శాతమే చూపిస్తోందని దానికి క్లీన్ చిట్ ఇవ్వకండి. మొత్తం 12 థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరుసల) సగటు అది. గేమ్‌లో అసలు బరువు మోసేది ఒకటి రెండు థ్రెడ్లే, అవి నిండిపోతే మిగతావి ఖాళీగా ఉన్నా లాభం లేదు.

గుంపుల దగ్గరే పడిపోతోందంటున్నారు కాబట్టి మీ విషయంలో ప్రాసెసర్ మీదే అనుమానం. 2600లో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు జట్లు, 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) కూడా 8, 8గా చీలి ఉంటుంది. ఒక జట్టులోని కోర్‌కు రెండో జట్టు దగ్గరున్న డేటా కావాలంటే చుట్టు తిరిగి తెచ్చుకోవాలి. 5600లో ఆరు కోర్లూ 32 ఎంబీని కలిసి వాడుకుంటాయి. గరిష్ఠ వేగం కూడా 3.9 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు పెరుగుతుంది. మీ కార్డు పూర్తి సత్తా అప్పుడు బయటికొస్తుంది.

దానికి ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూడండి. 3200 ర్యామ్ కొని, అక్కడ 2133 గానీ 2400 గానీ కనిపిస్తే ర్యామ్‌ను అసలు వేగంతో నడిపే ఎక్స్ఎంపీని బయోస్‌లో ఆన్ చేయలేదన్నమాట. కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ. రైజెన్‌లో కోర్లను కలిపే దారి వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి తేడా కంటికే తెలుస్తుంది. 2600తో 3200 దగ్గర సిస్టమ్ మొండికేస్తే 2933 పెట్టుకోండి.

ఇక ప్రీమియర్. కెమెరా నుంచి వచ్చిన క్లిప్ ఒకదాన్ని, వీడియో వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిచి చూడండి. ఫార్మాట్ (వీడియోను కుదించిన పద్ధతి) హెచ్ఈవీసీ అనీ, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు సమాచారం ఎంత ఉంచారో చెప్పేది) 4:2:2 అనీ, బిట్ డెప్త్ 10 అనీ ఉంటే గుట్టు అక్కడే తెలిసిపోతుంది. ఈ రకాన్ని విప్పడం ఆర్‌టీఎక్స్ 3060 హార్డ్‌వేర్‌కు చేతకాదు, ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. 5700ఎక్స్ వేస్తే కొంత మెరుగవుతుంది గానీ రెండు కెమెరాల మల్టీక్యామ్ పెట్టగానే మళ్లీ తడబడుతుంది. దీనికి సరైన మందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు. క్లిప్పులు తెచ్చుకునేటప్పుడే 1080పీ ప్రోరెస్ ప్రాక్సీలు తయారుచేయించి ఎస్ఎస్‌డీలో పెట్టుకోండి. అదే 4:2:0 అయితే మీ కార్డే విప్పుతుంది. అప్పటికీ ఆగుతుంటే డిస్క్ 100 శాతం కొడుతోందా, 16 జీబీ ర్యామ్ నిండిపోతోందా చూడండి. ముహూర్తాల సీజన్‌లో ఫుటేజీ అంతా పాత హార్డ్ డిస్క్‌లో పెట్టుకుని ప్రాసెసర్‌ను తిట్టేవాళ్లు తిరుపతిలో తక్కువేం లేరు.

ఎక్స్‌పోర్ట్ ఇప్పటికే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌లో చేస్తుంటే 5600 చాలు. నాయిస్ తగ్గించడం లాంటి బరువైన ఎఫెక్టులు, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ రోజూ ఉంటే ఎనిమిది కోర్ల 5700ఎక్స్ తీసుకోండి. 5700ఎక్స్3డీలో 96 ఎంబీ క్యాష్ ఉంది, గేమ్స్‌కు దానిది వేరే లెక్క. కానీ గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది (5700ఎక్స్‌ది 4.6), కాబట్టి అన్నం పెట్టే పని ఎడిటింగ్ అయినప్పుడు దాని జోలికి పోవద్దు. పేరు చివర ‘జీ’ ఉన్న 5600జీ అంటగడితే తీసుకోకండి, దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీయే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చవగ్గా వస్తుందని వెళ్తే డబ్బా సీలు చూసి తీసుకోండి. డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే సరుకుకు సాధారణంగా అంగడివాళ్లు ఇచ్చే వారంటీయే దిక్కు. 5700ఎక్స్‌తో కూలర్ రాదు. ఏప్రిల్, మే ఎండల్లో గదే 38 డిగ్రీలుంటుంది కాబట్టి 2600తో వచ్చిన చిన్న కూలర్‌ను నమ్ముకోకుండా నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్‌కు కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలు ట్యాలీలో రాస్తాను, మా పిల్లోడు వాలరెంట్ ఆడతాడు. ఐ3-6100, హెచ్110 బోర్డు, 8 జీబీ డీడీఆర్4, హార్డ్ డిస్క్ ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఐ7-8700 దొరుకుతోంది. అదీ 1151 సాకెట్టే అంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. పిన్నుల లెక్క ఒకటేగానీ ఎనిమిదో తరంలో కొన్ని పిన్నుల పని మార్చేశారు. దానికి 300 సిరీస్ బోర్డు కావాలి. హెచ్110లో వేయగలిగేది ఏడో తరం ఐ7-7700 రకం వరకే, అదీ బయోస్ అప్‌డేట్ చేశాక. కానీ విండోస్ 11 మద్దతు జాబితాలో అది లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. జీఎస్టీ, బ్యాంకు పనులు చేసే మిషన్ మీద అలాంటి ఖర్చు దండగ.

ట్యాలీ నెమ్మదిగా ఉందంటే ముందు అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ను. సాటా ఎస్ఎస్‌డీ ఒకటి కొని విండోస్‌నూ ట్యాలీ డేటానూ దాని మీదికి మార్చండి. చేతిలో డబ్బు ఆడాక ఐ3-12100, డీడీఆర్4 రకం హెచ్610 బోర్డు కొంటే ఇప్పటి ర్యామ్, ఈ ఎస్ఎస్‌డీ రెండూ అందులోకి వెళ్తాయి. 12100ఎఫ్ మాత్రం ఇవ్వనివ్వకండి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా దానితో తెర మీద బొమ్మే రాదు. విండోస్ 11లో వాలరెంట్‌కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఆన్‌లో ఉండాలి, ఆ బోర్డులో రెండూ ఉంటాయి. పాత విండోస్ ఎంబీఆర్ (పాత పద్ధతిలో భాగాలు చేసిన) డిస్క్ మీద ఉంటే సెక్యూర్ బూట్ కుదరదు. ట్యాలీ డేటా బ్యాకప్ తీసుకుని, డిస్క్‌ను కొత్త పద్ధతి జీపీటీకి మార్చి విండోస్ కొత్తగా ఎక్కించండి.

ప్రశ్న: బీ450 బోర్డులో 2600 తీసి 5600 బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. ప్రాసెసర్ పోయిందంటారా?
- ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: పోయిందని అప్పుడే అనుకోకండి. పాత బయోస్‌కు 5600 అంటే ఏమిటో తెలియదు, చాలావరకు కారణం అదే. 2600ను తిరిగి పెట్టి ఆన్ చేయండి. సీపీయూ-జెడ్ అనే టూల్‌లో బోర్డు పేరు, బయోస్ వెర్షన్ చూసుకుని, బోర్డు తయారీదారు సైట్‌లోని సీపీయూ జాబితాలో 5600 ఎదురుగా ఏ వెర్షన్ రాశారో పోల్చండి. బోర్డు మూలన ముద్రించిన రివిజన్ నంబరు కూడా కలవాలి. ఆ వెర్షన్ ఫైలును ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి బయోస్‌లో నుంచే అప్‌డేట్ చేయండి, యూపీఎస్ మీద పెట్టి మాత్రమే. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

కూలర్ విప్పే ముందు మిషన్‌ను పది నిమిషాలు నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్ట్‌ను వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ తీసేసి, కూలర్‌ను అటూఇటూ తిప్పి వదులు చేసి పైకెత్తండి. నేరుగా లాగితే ఏఎం4లో ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని ఊడి వస్తుంది, పిన్నులు వంగేది అప్పుడే. భవానీనగర్ పాఠకులూ ఇది చదివాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ప్రాసెసర్ మీది బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా ఉంచితే దానంతటదే జారి కూర్చోవాలి. నొక్కాల్సి వచ్చిందంటే ఏదో పిన్ను వంగినట్టే. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత వేస్తే చాలు.

బయోస్ సరైనదే అయినా బొమ్మ రాకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చి), ఒక్క ర్యామ్‌తోనే ప్రయత్నించి ఐదు నిమిషాలు ఆగండి. మొదటిసారి రెండు మూడుసార్లు తనే ఆగి మొదలవడం మామూలే. తర్వాత ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) మారిందంటూ వై గానీ ఎన్ గానీ నొక్కమని అడుగుతుంది. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి, రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కితే డ్రైవ్ తెరుచుకోదు. కాబట్టి పాత ప్రాసెసర్ ఉండగానే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ 48 అంకెల కీని చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.